హారన్ మోగితే పెట్టుకునే పళ్లు

5 ఫిబ్రవరి 2002, మంగళవారం. మచిలీపట్నం

మా పేపర్ డెస్క్ నుంచి ఫోన్. గుడివాడ రోడ్డులోని డెంటల్ కాలేజీకి ఇరవయ్యో తేదీన డెంటల్ కౌన్సిల్ ఇన్‌స్పెక్షన్. మొదటి బ్యాచ్ చదువు పూర్తవుతోంది. వాళ్ల డిగ్రీలకు గుర్తింపు వస్తుందా రాదా అన్నది దీంతో తేలుతుంది. రాకపోతే ఐదేళ్ల చదువు వృథా. ఇలాంటి రోజుల్లో అద్దె పేషెంట్లను, అద్దె ప్రొఫెసర్లను దించుతారని ఊరంతా చెప్పుకుంటుంది, రుజువు మాత్రం ఎవరూ తేరు, నువ్వు తే అన్నారు.

ఈ జిల్లాలో చాలా ఇన్‌స్పెక్షన్లు చూశాను. ముందు రోజు పక్క కాలేజీ నుంచి మైక్రోస్కోపులు ఆటోలో దిగడం కళ్లారా చూశాను. ఆశ్చర్యపోవడానికి కొత్తగా ఏమీ ఉండదనుకుంటున్నాను.

7 ఫిబ్రవరి, గురువారం

కాలేజీకి వెళ్లాను. గేటు దగ్గరే, కాలేజీ ఆఫీసు పనులు చూసే ఏ.ఓ. బంగార్రాజు పట్టుకున్నాడు. మేనేజ్‌మెంట్‌కి బంధువు. ప్రపంచంలో అందరికీ బావ. కొత్త సున్నం, కొత్త బోర్డులు, కొత్త డస్ట్‌బిన్లు చూపించాడు. కడియం నర్సరీల నుంచి క్రోటన్స్ మొక్కలు వస్తున్నాయట, అవి దిగితే ఇన్‌స్పెక్టర్లు గేటు దగ్గరే పడిపోతారట.

పేషెంట్ల సంగతేంటండీ అన్నాను. గొంతు తగ్గించాడు. గుడివాడ మార్కెట్ యార్డులో మనుషుల్ని మాట్లాడి పెట్టాను, భోజనం పెట్టి నోరు తెరవమంటే తెరవరా, నోరు అందరికీ ఉంటదిగా అన్నాడు. నేను రాసుకోవడం చూసి, ఇది మీరు రాయరుగా బావగారూ, మనం మనం ఒకటి అన్నాడు.

ప్రిన్సిపాల్ డాక్టర్ నాగమల్లేశ్వరి గారు. చల్లపల్లి ఆవిడ. కట్టుడు పళ్ల విభాగం ఆవిడదే. గదిలో లేరు, ఓపీలో ఒక ముసలాయన నోట్లో చెయ్యి పెట్టి ఉన్నారు. ఆ పని అయ్యేదాకా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాత అద్దె పేషెంట్ల మాట అడిగాను. ఆవిడ నాకు జవాబు చెప్పకుండా బంగార్రాజును పిలిపించి, నా ముందే అతన్ని అడిగారు. అతను ఫ్యాన్ వంక చూశాడు. పన్ను నొప్పి లేనివాడు నా ఓపీ గడప తొక్కకూడదండీ బంగార్రాజు గారూ, మీతో సహా అన్నారు.

అద్దెకి ఎందుకండీ, మాకు ఏటిమొగ ఉంది అన్నారు నాతో. పోయినేడాది దివిసీమలో క్యాంపులు పెట్టి, ఏటిమొగలో పళ్లు పోయిన పెద్దవాళ్లందరికీ ఉచితంగా పూర్తి సెట్లు చేసిచ్చారు. చేసింది విద్యార్థులే. ఇన్‌స్పెక్టర్లు ఏ పేరు చెప్తే ఆ మనిషి వచ్చి నోరు చూపిస్తారు. ఆ సెట్లు చూసే గుర్తింపు ఇవ్వమనండి, లేకపోతే మానమనండి అన్నారు.

సోమవారం చెకప్‌కి బస్సు వెళ్తోంది, మీరూ రండి అన్నారు. వస్తానన్నాను. బస్సులో వస్తానని అనలేదు.

11 ఫిబ్రవరి, సోమవారం. ఏటిమొగ

కాలేజీ బస్సు కంటే ముందు వచ్చాను. అవనిగడ్డ దాకా ఆర్టీసీ, అక్కణ్నుంచి ఆటో.

చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నాంచారయ్య ఇంటి అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. సముద్రంలో చేపల వేట మీద బతికిన మనిషి, ఇప్పుడు కొడుకులు వెళ్తున్నారు. నోట్లో పళ్లు లేవు. పక్కింటి కొండమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. నోట్లో పళ్లు లేవు. వీధిలో ఆ వయసు వాళ్లు ఎదురైనంతమందికీ అంతే. సెట్లు ఇచ్చారటగా అంటే ఉన్నయ్ ఉన్నయ్ అన్నారు.

ఇంతలో కట్ట మీద హారన్.

నాంచారయ్య వల పక్కన పడేసి లోపలికి పరిగెత్తాడు. కొండమ్మ చేతులు చీరకి తుడుచుకుంటూ ట్రంకుపెట్టె తెరిచింది. వీధి వీధంతా లోపలికి పోయింది. బస్సు వచ్చి ఆగేసరికి అందరూ బయట వరసగా నిలబడి ఉన్నారు. అందరికీ పళ్లు. అందరూ నవ్వుతున్నారు.

బాగున్నాయా పెద్దాయనా అంది సుమ. మొదటి బ్యాచ్ హౌస్ సర్జన్. పెడన పిల్ల, తండ్రి కలంకారీ అద్దకం పని చేస్తాడట. నాంచారయ్య సెట్టు ఆ అమ్మాయి చేసిందే. బ్రమ్మాండం తల్లీ అన్నాడు నాంచారయ్య. ప్రిన్సిపాల్ గారు అడిగితే, రాయి పెట్టినా నవుల్తానమ్మా అన్నాడు. కొండమ్మ ఇంకా నాలుగు మాటలు కలిపింది. గంటలో చెకప్ అయిపోయింది. ఇరవయ్యో తేదీన తప్పకుండా వస్తామని ఊరంతా మాటిచ్చింది. ఆ రోజు వేట పాడుచేసుకోకండి, ముసలాళ్లు వస్తే చాలు అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఒక పూట మేం పోకపోతే సముద్రం ఎండిపోద్దా అమ్మా అన్నాడు నాంచారయ్య.

బస్సు వెళ్లిపోయింది. నేను ఉండిపోయాను. బస్సు కట్ట దాటకముందే పళ్లు బయటికొచ్చాయి.

ఒత్తుద్ది బాబూ అన్నాడు నాంచారయ్య. చిగురు ఎర్రగా కమిలి ఉంది. మరి చెప్పొచ్చుగా అన్నాను. అతను నా వంక జాలిగా చూశాడు. ఆ పిల్ల నా ముందు మోకాళ్ల మీద కూచుని కొలతలు తీసింది, పెద్దమ్మగారు ఊరికే చేసిచ్చారు, ఒంటి మీద బట్ట పెట్టినోళ్లకి బట్ట బిగుతైందని చెప్తామా అన్నాడు. కొండమ్మ అందుకుంది. పెళ్లిళ్లకి పెట్టుకుంటన్నాం కదయ్యా, ఫొటోలో ఎంత బాగున్నామో చూడు అని ఫొటో తెచ్చి చూపించింది. నిజమే, బాగున్నారు. భోజనాల ఫొటో కూడా చూపించమన్నాను. భోజనాలప్పుడు తీసేస్తాం అంది.

12 ఫిబ్రవరి, మంగళవారం

డెస్క్ అడిగింది అద్దె పేషెంట్ల వార్త. నాకు దొరికింది అసలు పేషెంట్లు నటిస్తున్నారన్న వార్త.

13 ఫిబ్రవరి, బుధవారం

అచ్చు వేసే ముందు అవతలి వాళ్ల వివరణ అడగాలి. కాలేజీకి వెళ్లి, చూసింది చెప్పాను. హారన్, ట్రంకుపెట్టె, ఫొటో, అన్నీ.

నాగమల్లేశ్వరి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నన్ను నమ్మలేదేమో అనుకున్నాను. ఎవరెవరికి చిగురు కమిలింది, మీరు చూశారా అన్నారు. చూసినంతవరకు చెప్పాను. సుమను పిలిపించి నన్ను మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. నాంచారయ్య పేరు రాగానే ఆ అమ్మాయి అడ్డొచ్చింది. వెళ్లిన ప్రతిసారీ అడిగాను మేడమ్, బాగున్నాయా అని ప్రతిసారీ అడిగాను అంది.

అదే మన తప్పు అన్నారు ఆవిడ. పెళ్లి వాళ్లు వచ్చి వంటలు బాగున్నాయా అంటే ఎవరన్నా బాగాలేవంటారా? బాగున్నాయా అని కాదు, నిన్న ఏం తిన్నారని అడగాలి. అడగడం కూడా కాదు, పక్కన కూర్చుని తినాలి.

వారంలో ఇన్‌స్పెక్షన్ పెట్టుకుని ఈ మాట అన్నారు.

వార్త వేయొద్దని అనలేదు. ఎందుకనలేదని నేనే అడిగాను. మీ పని మీరు చేశారు, మా పని మేము సరిగ్గా చేయలేదు అన్నారు.

15 ఫిబ్రవరి, శుక్రవారం

కాలేజీలో మనుషులు లేరు. బస్సులు, జనరేటరు, హౌస్ సర్జన్లు అంతా ఏటిమొగలో. ఇన్‌స్పెక్షన్ రిహార్సల్ రద్దు. క్రోటన్స్ వచ్చాయి గానీ కుండీల్లో పెట్టేవాళ్లు లేరు. బంగార్రాజే ప్యాంటు మడిచి మట్టిలో దిగాడు. నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్షన్‌కి గోడలు బాగుచేస్తారు, రోడ్డు బాగుచేస్తారు, పేషెంట్లని బాగుచేసేవాళ్లని ఎక్కడన్నా చూశారా బావగారూ అన్నాడు. చూడలేదన్నాను. అతనికి అది ఓదార్పు అనిపించినట్టుంది. ఒక కుండీ పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

16 ఫిబ్రవరి, శనివారం. ఏటిమొగ

మధ్యాహ్నం. పందిట్లో విస్తళ్లు. ఒక ముసలి మనిషి, ఒక హౌస్ సర్జన్, మళ్లీ ఒక ముసలి మనిషి, అలా వరస. కొండమ్మ రొయ్యల కూర. పళ్లు పెట్టుకునే తినాలని షరతు. ఎవరు నమలడం ఆపి మింగేస్తున్నారో పక్కవాళ్లు చూస్తారు. అన్నం తిన్నాక నోరు చూస్తారు. ఎక్కడ ఒత్తుతోందో గుర్తుపెట్టి, సెట్టు మీద అక్కడ అరగదీస్తారు. మళ్లీ పెడతారు. మళ్లీ ఒక ముద్ద.

మొదట్లో ఎవరూ నొప్పి అని ఒప్పుకోలేదు. నాగమల్లేశ్వరి గారు నిలబడి, నొప్పి ఉండి లేదన్నవాళ్ల మీదే నాకు కోపం వచ్చేది అన్నారు. కొండమ్మ విస్తరి పక్కకి జరిపి, అయితే చెప్పనా అంది. చెప్పింది. ఆమె చెప్పడం ఆపాక సగం పందిరి అందుకుంది. పై సెట్టు ఊడొస్తోంది, కింది సెట్టు కోస్తోంది, ముందు పళ్లు మా అత్త పళ్లలా ఉన్నాయి. సుమ తల ఎత్తకుండా అన్నీ రాసుకుంది. చివరిదానికి మాత్రం నవ్వింది.

కొన్ని సెట్లు అరగదీసినా లాభం లేదు. కట్టుడు పళ్లు నీళ్లలో ఉంచాలి. వీళ్లు విలువైన వస్తువని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచారు. ఎండి వంగిపోయాయి. అవి మళ్లీ చేయాలి.

సాయంత్రం తిరిగివచ్చేటప్పుడు వాళ్ల బస్సే ఎక్కాను. సగంమంది నిద్ర. సుమ ఒడిలో స్టీలు డబ్బా, నీళ్లలో ఎవరివో పళ్లు. కుదుపు వచ్చినప్పుడల్లా మూత మీద చెయ్యి వేస్తోంది.

18 ఫిబ్రవరి, సోమవారం

మళ్లీ చేయాల్సిన సెట్లు ఎల్లుండికి పూర్తి కావట. డేట్ మార్పించుకుందామని బంగార్రాజు. మార్చనన్నారు ప్రిన్సిపాల్ గారు.

20 ఫిబ్రవరి, బుధవారం. సాయంత్రం 6

ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు, ఇద్దరూ బయటి రాష్ట్రం వాళ్లు. క్రోటన్స్ దాటుకుని లోపలికి వెళ్లారు, ఒక్కరూ పడిపోలేదు. కుర్చీలు లెక్కపెట్టారు, లైబ్రరీ చూశారు. ఏటిమొగ వాళ్లు ఓపీలో బెంచీల మీద. కొందరి నోట్లో పళ్లున్నాయి, కొందరివి ఇంకా ల్యాబ్‌లో. ఖాళీ నోళ్లను దాచిపెట్టలేదు.

పెద్ద ఇన్‌స్పెక్టర్ కేస్ షీట్లలోంచి ఒకటి తీశారు. నాంచారయ్య. కుర్చీలో కూర్చోబెట్టారు. సుమ పక్కన నిలబడి ఆయన ఇంగ్లీషును తెలుగు చేసింది. నొప్పేమన్నా ఉందా?

ఏ నొప్పీ లేదండి అన్నాడు నాంచారయ్య, గొంతెత్తి. చెరుకుగడ ఇవ్వండి కొరికి చూపిస్తా, ఈ పిల్ల చెయ్యి బంగారం, ఈ పిల్లకి డిగ్రీ ఇచ్చెయ్యండి బాబూ. చుట్టూ నవ్వారు. మాట అర్థం కాకపోయినా ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వి, కేస్ షీట్ మూసి తర్వాతి దానికి చెయ్యి చాపారు.

సుమ తెలుగులోంచి ఇంగ్లీషు చేయలేదు. తన మాటగా ఇంగ్లీషులో అంది. ఈయన నొప్పి లేదంటున్నారు సార్. అది నిజం కాదు. పొద్దున ఇడ్లీ నీళ్లలో పిసికి మింగడం నేను చూశాను. గ్లవ్ వేసుకుని కింది సెట్టు తీసింది. కుడివైపు చిగురు మీద పుండు, కొత్తది. లైటు తిప్పి ఇన్‌స్పెక్టర్‌కి చూపించింది. ఈ సెట్టు నేను చేశాను సార్ అంది.

నాంచారయ్యకు ఒళ్లు మండింది. నీ కోసమని నేను చెప్తంటే నీ కొంప నువ్వే ముంచుకుంటావేంటే పిల్లా అన్నాడు, పళ్లు లేని నోటితో. ఏమంటున్నాడని ఇన్‌స్పెక్టర్ అడిగారు. సుమ అదీ ఇంగ్లీషు చేసి చెప్పింది.

బంగార్రాజు గోడకు ఆనుకున్నాడు.

నాగమల్లేశ్వరి గారు ముందుకొచ్చి మిగతాది చెప్పారు. ఎన్ని సెట్లు వాడకుండా పడి ఉన్నాయో, ఎందుకో, ఏది ఎవరి తప్పో. మొదటి తప్పు తన ప్రశ్నదని చెప్పారు. పందిట్లో భోజనాల సంగతి చెప్పారు. ఇన్‌స్పెక్టర్ ఏమీ రాసుకోలేదు. సుమను పని పూర్తి చేయమన్నారు. ఆమె అరగదీసి, పెట్టి, ఒక బిస్కెట్ ఇచ్చి నమలమంది. మళ్లీ తీసి అరగదీసింది. చాలాసేపు పట్టింది. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని చూశారు. నాంచారయ్య చివరికి, ఊఁ, ఇప్పుడు ఫర్లేదు అన్నాడు. కోపం మాత్రం తగ్గలేదు.

వెళ్తూ ఫలితం చెప్పలేదు వాళ్లు. చెప్పరు కూడా.

21 ఫిబ్రవరి, గురువారం

వార్త పంపాను. అద్దె పేషెంట్లేరీ అన్నారు డెస్క్‌లో. లేరు, పేషెంట్లున్నారు అన్నాను. ఒకచోట అద్భుతం అని రాసి కొట్టేశాను. సుమ అన్న మాటలు అన్నట్టే పెట్టాను. జిల్లా పేజీలో సగానికి కోసి వేశారు. పుండు మిగిలింది, క్రోటన్స్ పోయాయి.

28 మార్చి, గురువారం

గుర్తింపు వచ్చింది. ముందు ఫోన్ చేసింది బంగార్రాజు. క్రోటన్స్ పనిచేశాయి బావగారూ అన్నాడు.

పెడనకు ఫోన్ చేశాను. సుమ తండ్రి తీసి, ఏడుస్తూ, నాకు అర్థం కాని మాటలేవో అని కూతురికి ఇచ్చాడు. అభినందనలు చెప్పాను. థాంక్సండీ అంది. తర్వాత, నాంచారయ్య గారికి కొత్త సెట్టు ఇచ్చాం, మీరు అటు వెళ్తే ఏం తింటున్నారో చూస్తారా అంది. బాగున్నాయా అని మాత్రం అడక్కండి అంది.

20 ఏప్రిల్, శనివారం. ఏటిమొగ

వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే. కట్ట మీద కాలేజీ బస్సు హారన్. ఎవరూ ఇళ్లలోకి పరిగెత్తలేదు. నాంచారయ్య ఒక్కడు వెళ్లి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. ఎడమవైపు ఒత్తుతోందట. చేతిలో సగం కొరికిన పచ్చి మామిడికాయ.