కూలర్ ముందు కుదిరిన బయాస్

మే 1994, ఆదివారం రాత్రి

గిటార్ మోత పెంచడానికి నేను చేసుకున్న బూస్ట్ డబ్బా ఈరోజు బోధన్ పెళ్లిలో నా పరువు తీసింది. అందులో ఉన్నది పాత రేడియోలోంచి పీకిన జర్మేనియం ట్రాన్సిస్టర్. మధ్యాహ్నం ఇంట్లో కూలర్ ముందు కూర్చుని దానికి బయాస్, అంటే అది శుభ్రంగా పలకడానికి కావలసిన కరెంటు మోతాదు, కుదిర్చాను. వేడికి అది మారిపోతుందని తెలిసీ, స్టేజీ లైట్ల సంగతి తట్టలేదు. రెండో పాటకే గొంతు పట్టేసినట్టు గరగరలాడింది.

ఆర్కెస్ట్రా నడిపే రాజన్న అందరి ముందే, "తమ్మీ, గా డబ్బా బంద్ జెయ్. గిటార్ గూడ కీబోర్డుల్నే వస్తది. నువ్వు కిందికి దిగు" అన్నాడు. కీబోర్డు అతను ఒక మీట నొక్కాడు. పాట ఆగలేదు. నేను దిగడం కూడా ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చి, కూలర్ వేసి, అదే పాట వాయించాను. దరిద్రపుది, ఎంత కమ్మగా పలికిందో!

లోపల్నుంచి అవ్వ, "మంచిగ మోగుతుంది బిడ్డా. గక్కడ గూడ గిట్లనే వాయించినవా?" అంది.

అవునన్నాను.