గుడ్ల మీద తేదీ

తమ్ముడూ,

ఫోన్‌లో అరిస్తే పక్కింటివాళ్ళు వింటారని ఉత్తరం రాస్తున్నాను. సగంలో ఆపకుండా చదువు.

వారం రోజులు ఊళ్ళో ఉండను, పెరట్లో కోళ్ళకి గింజలు చల్లి నీళ్ళు పెట్టమన్నాను. అంతేగా నేనడిగింది? మూల గంపలో కూర్చున్న గయ్యాళి కోడి జోలికి మాత్రం పోవద్దని రెండుసార్లు చెప్పాను. నువ్వేమో చేతులు పొడిపించుకుని మరీ దాన్ని లేపి, తొమ్మిది గుడ్లూ తీసి ఫ్రిజ్‌లో సర్దావు. పైగా, "గుడ్ల మీద తేదీ వేశావుగా అక్కా, ఆ తర్వాత పాడైపోతాయనుకున్నా" అంటావా? ఒరేయ్, నేను పెన్సిల్‌తో రాసింది పిల్లలు బయటికొచ్చే తేదీ! ఫ్రిజ్‌లు బాగుచేసేవాడి కంటికి లోకమంతా ఫ్రిజ్‌లో పెట్టాల్సిన సరుకే కాబోలు.

నీ సారీ నాకొద్దు. గయ్యాళి మేతకి కూడా లేవకుండా ఖాళీ గంపలో రెక్కలు పరుచుకుని కూర్చుంటోంది. చూడలేక, నీ కూతురు మా ఇంట్లో వదిలేసిన రబ్బరు బంతి నిన్న దాని ముందు పెట్టాను. ముక్కుతో మెల్లగా పొట్ట కిందికి లాక్కుంది.

గుడ్ల మీద వేసిన తేదీ వచ్చే ఆదివారం. ఆ రోజు దానికేం చెప్పాలో నువ్వే వచ్చి చెప్పు.

అక్క