చెట్టుకు ఈ పక్కా, ఆ పక్కా

బెర్గెన్,
1973 నవంబరు

ఎల్లె గారికి నమస్కారాలతో,

నేను తోర్లేఫ్ తల్లిని. మీ ఊరి బళ్లో పాఠాలు చెప్పే ఆ పొడుగు మాస్టారు మావాడే. మీ అమ్మాయి బిరెత్‌ని ఈస్టరుకి పెళ్లి చేసుకుంటానని మొన్న ఉత్తరం రాశాడు. పెళ్లి కబురు ఒక్క వాక్యం, మిగతా రెండు పేజీలూ మంచు మీద జారే స్కీల గురించే. చదివాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పిల్ల గురించి కాదండీ. ఫోటో చూశాను, చక్కని ముఖం. నా బెంగంతా ఊరి గురించి.

నేను ట్రోండ్‌హైమ్ దాటి ఉత్తరానికి ఎన్నడూ వెళ్లలేదు. అటక మీంచి వాడి చిన్నప్పటి భూగోళం పుస్తకం దింపి వెతికితే మీ ఊరు దేశపటంలో పైన, కాగితం అయిపోయే చోట కనబడింది. శీతాకాలంలో అక్కడ సూర్యుడు వారాల తరబడి రాడని రాశారు. నిజమేనా? రాకపోతే పిల్లలు బడికెలా వెళ్తారు? తోడేళ్లు వీధిలోకి వస్తాయా? ఊపిరి వదిలితే గడ్డకట్టి కిందపడుతుందని కింది వాటా రాగ్నా గారు అంటున్నారు. మాకిక్కడ సెప్టెంబరులో పట్టిన వాన ఇంకా వదల్లేదు, కానీ వాన మనిషిని తినదు కదా.

ఇంతకీ మీరు రెయిన్‌డీర్ జింకలు కాస్తారట. మాటవరసకి అడుగుతున్నాను, మీకు జింకలెన్ని?

ఇట్లు,
కాబోయే వియ్యపురాలు
బోర్గిల్డ్

తా.క.: వాడికి నాలుగో ఏట ఎడమ చెవికి చీము పట్టింది. కుడిది పర్వాలేదు. గాలి కుడివైపునుంచి వచ్చేలా చూసి కూర్చోబెట్టండి.

*

కౌతొకెయ్‌నో,
డిసెంబరు

బోర్గిల్డ్ గారికి,

మీరు ఉత్తరం రాసే వేళకి సూర్యుడున్నాడు. నేను చదివే వేళకి వెళ్లిపోయాడు. కంగారుపడకండి, జనవరిలో వస్తాడు. నాకు తెలిసి ఇంతవరకు ఎగ్గొట్టలేదు. అలాగని కటిక చీకటి అనుకోవద్దు. మధ్యాహ్నం కాసేపు నీలంగా వెలుగొస్తుంది, మంచు మీద వెన్నెల కాస్తే వాకిట్లో నిలబడి సూదిలో దారం ఎక్కించుకోవచ్చు. పిల్లలు బడికి నడిచే వెళ్తారు. వీధిలో వాళ్లకి ఎదురయ్యేది తోడేలు కాదు, మీ అబ్బాయి.

ఆయన చెవులు రెండూ బాగున్నాయి. టోపీ నేనే కుట్టాను. మనిషి మంచివాడు, కాస్త మాటలెక్కువ. చలిలో అంత మాట్లాడితే పళ్లు జివ్వుమంటాయని చెప్పాను. ఇప్పుడు ఇంట్లోకొచ్చి మాట్లాడుతున్నాడు.

జింకల సంగతి అడిగారు. చెట్టుకు ఈ పక్కన ఉన్నాయి, ఆ పక్కన కూడా ఉన్నాయి.

ఇట్లు,
ఎల్లె

తా.క.: వచ్చిన కొత్తలో మేజోళ్లు వేసుకు తిరిగి కాలివేళ్లు తెల్లబరుచుకున్నాడు. మేజోళ్లు తీయించి బూట్లలో ఎండుగడ్డి కూరించాను. ఇప్పుడు సుఖంగా ఉన్నాడు.

*

బెర్గెన్,
డిసెంబరు

ఎల్లె గారికి,

ఎండుగడ్డా! మీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మీరు నొచ్చుకోకుండా వింటానంటే ఒక మాట. రాగ్నా గారికి కూడా ఉత్తరం చూపించాను. ఆవిడ భర్త ఓడలో పనిచేసిన మనిషి, లోకం చూసినవాళ్లు. మీ వైపు చెట్లే సరిగా ఎదగవట. అందుకని ఆ చెట్టు ఊరికంతా ఒక్కటే అయ్యుంటుందని, దానికి ఈ పక్కనొకటి, ఆ పక్కనొకటి కట్టేశారంటే మొత్తం జింకలు రెండని ఆవిడ తేల్చారు.

నా దగ్గర దాచుకోకండి. లేమి తప్పు కాదు. మావారు పోయిన ఏడాది నేనూ తోర్లేఫూ చలికాలమంతా బంగాళాదుంపలూ ఉప్పుచేపా తిని గట్టెక్కాం. ఉన్నదున్నట్టు చెప్పండి, రెండేనా? మూడోది ఏమైనా ఉందా? ఒకటి ఆడదీ ఒకటి మగదీ అయితే కొంత నయం.

ఉన్ని మేజోళ్లు, చేప ఉండల డబ్బాలు, ఇంటిల్లిపాదికీ తలో గొడుగూ పార్సిలు చేశాను. పెళ్లికూతురి తరఫువాళ్లకి గొడుగైనా లేదని రేపు మా వాళ్లెవరూ అనకూడదు.

ఇట్లు,
మీ బోర్గిల్డ్

తా.క.: పిడి మీద బొత్తాం నొక్కితే గొడుగు ఫట్‌మని దానంతటదే తెరుచుకుంటుంది. ముఖానికి దూరంగా పట్టుకోండి.

*

కౌతొకెయ్‌నో,
జనవరి

బోర్గిల్డ్ గారికి,

పార్సిలు అందింది. గొడుగంటే ఏమిటో మాకు తెలుసు. ఇక్కడ మంచు పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది.

మీవాడు ముచ్చటపడి ఒక గొడుగు కొండ మీదికి పట్టుకెళ్లి, మంద ఎదురుగా నిలబడి బొత్తాం నొక్కాడు. మంద లేచి పరుగందుకుంది. గుట్ట దాటి, గడ్డకట్టిన వాగు దాటి, పొరుగువాళ్ల మందలో కలిసింది. ఎవరివో గుర్తుకి చెవుల మీద పెట్టే కోతలు చూసి మావి వేరుచేసుకునేసరికి ఆంతెకి నడుం పట్టేసింది. ఆంతె మావారు. నెమ్మదైన మనిషి. "మాస్టారుకి ఆ నల్ల పక్షిని ఎవరిచ్చారే?" అని మాత్రం అడిగారు.

ఇక మీరు రెండోసారి అడిగారు గనక చెప్పక తప్పడం లేదు. ఎన్ని జింకలున్నాయని ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు, అది బ్యాంకులో డబ్బెంతుందని అడిగినట్టు. పాస్టరుగారు అడగరు, తోడబుట్టినవాళ్లు అడగరు. అడిగినవాళ్ల ఇంట మేం కాఫీ ముట్టం. మీ వైపు ఇలాంటివి అడగడం మర్యాదే కాబోలు. అయితే నేనూ ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ బరువెంత?

ఎల్లె

తా.క.: చేప ఉండలు కుక్కకి పెట్టాం. తిని, మా ముఖాలు చూసి, బయటికి వెళ్లి మంచులో పడుకుంది.

*

బెర్గెన్,
జనవరి

ఎల్లె గారికి,

నన్ను క్షమించాలి. అడగకూడదని తెలియదు. తెలియకపోతే ఊరుకోవాలి, నేను రాగ్నా గారిని సలహా అడిగాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇంకెప్పుడూ అడగను.

బరువు సంగతి మీరు అడగడమే మంచిదైంది. ఎందుకడిగారో చదవగానే అర్థమైంది. పెళ్లికి వచ్చేటప్పుడు నది మీద మంచుపలక దాటి స్లెడ్జి బండిలో రావాలని తోర్లేఫ్ రాశాడు. వెంటనే మందుల షాపులో కాటా ఎక్కాను. కోటూ, బూట్లూ, చేతిసంచీతో ఎనభై ఏడు కిలోలు. కోటు తీస్తే ఎనభై మూడు. ఆ మంచు ఎనభై ఏడు ఆగుతుందాండీ? ఆగదంటే ముందే చెప్పండి, రొట్టె మీద వెన్న మానేస్తాను. కోటు మాత్రం వేరే బండిలో పంపించొచ్చా?

నాకున్నది వాడొక్కడే. వాడి పెళ్లికి వస్తూ నదిలో మునిగిపోతే వాడికి జీవితాంతం అదే గుర్తుంటుంది.

ఇట్లు,
మీ బోర్గిల్డ్

తా.క.: రాగ్నా గారు కూడా సరదాగా కాటా ఎక్కి, ముల్లు చూసి, ఇది పాడైందన్నారు. ఆవిడ రావడం లేదు లెండి, మీరు భయపడక్కర్లేదు.

*

కౌతొకెయ్‌నో,
ఫిబ్రవరి

వదినగారికి,

ఆ మంచు లారీలకే ఆగుతుంది. మీరు వెన్న తినండి. మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆంతె నవ్వి నవ్వి బల్ల మీద తల పెట్టేశారు. నేను నవ్వలేకపోయాను. మిమ్మల్ని నొప్పించాలని అడిగాను వదినా. మీరు కాటా ఎక్కి వచ్చి జవాబు చెప్పారు.

అది పది రోజుల కిందటి మాట. తరువాత ఇంట్లో ఎవరూ నవ్వలేదు. రావలసిన కాలం కాని కాలంలో వాన పడింది. ఒక పగలంతా పడి, వెంటనే చలి బిగిసింది. కొండంతా గాజు పరిచినట్టుంది. జింకలకి మేత మంచు కింద ఉండే నాచు. డెక్కలతో తవ్వుకుని తింటాయి. ఈ పలక డెక్కలకి లొంగడం లేదు. కింద తిండి వాసన తెలుస్తుంది, అందదు. ఆంతె, బిరెత్, మీవాడూ కొండ మీదే ఉండి గొడ్డళ్లతో పగలగొడుతున్నారు. వాళ్లు పగలగొట్టినంత మేర ఒక పూటకి సరిపోతుంది. మందని చెట్లున్న లోయలోకి దింపగలిగితే అక్కడ మంచు మెత్తన, బతుకుతాయి. కానీ నీరసపడినవి పడుకుండిపోయాయి, కుక్క మొరిగినా లేవడం లేదు.

బిరెత్ నిన్న దిగి వచ్చి, మంద పోతే పెళ్లి వద్దంది. చేతిలో ఏమీ లేని ఇంటికి మాస్టారుని అల్లుడిగా తెచ్చి ఆయన జీతం మీద బతకనంది. అన్న మాట మీద నిలబడే పిల్ల. నాకు భయంగా ఉంది. ఈ మాట ఊళ్లో ఎవరితోనూ అనలేను, ఇక్కడ అందరిదీ ఇదే పరిస్థితి. భయపడటంలో మీకు నాకంటే అనుభవం ఎక్కువ కాబట్టి మీతో అంటున్నాను.

మీవాడి బతుకు ఇందులో ముడిపడి ఉంది గనక మీకు తెలియాలి. మీరు ఒకసారి రండి. ఎన్ని ఉండేవో, ఎన్ని మిగిలాయో మీ చెవిలో చెబుతాను.

మీ
ఎల్లె

తా.క.: మీ బరువు ఆంతెకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారి భార్యకి చెప్పాను, ఆవిడ ఎవరికీ చెప్పరు.

*

బెర్గెన్,
ఫిబ్రవరి

వదినకి,

చెప్పొద్దు. చెవిలో కూడా చెప్పొద్దు. నవంబరు నుంచి నన్ను తొలిచేస్తున్న ప్రశ్న అదే, ఇప్పుడు మీరు చెబుతానంటుంటే నాకు వద్దు. భయం మీద బయటపెట్టిన మాట మీకు తరువాత గుచ్చుకుంటుంది.

వాడు జింకల్ని చేసుకోవడం లేదు, బిరెత్‌ని చేసుకుంటున్నాడు. అవి చెట్టుకు ఏ పక్కనున్నా, అసలు లేకపోయినా నేను ఈస్టరుకి వస్తున్నాను. టిక్కెట్టు కొనేశాను. ఆ పిల్లతో నా మాటగా చెప్పండి. ఏమీ లేని ఇంట్లో వాడిని నేను ఒక్కదాన్నే పెంచాను, వాడికి అది కొత్త కాదు. ఇంకొకరు తోడుంటే సులువే అయ్యేది.

ఒక విషయం మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆ వాన మాదే అయ్యుంటుంది. జనవరి ఆఖర్లో ఇక్కడ రెండు రోజులు తెరిపిచ్చింది, ఎండ కాసింది, నేను దుప్పట్లు కూడా ఆరేసుకున్నాను. అది మీ వైపు వెళ్లిందని నాకేం తెలుసు? తెలిస్తే దుప్పట్లు తడిగానే ఉంచుకునేదాన్ని.

మీ
బోర్గిల్డ్

తా.క.: భయం వేసినప్పుడు పని పెట్టుకోవాలి. నేనైతే చెంచాలు తోముతాను. మీ ఇంట్లో చెంచాలు చాలకపోతే పంపిస్తాను.

*

కౌతొకెయ్‌నో,
మార్చి

వదినకి,

చెంచాలు తోమాను. అవి మెరుస్తుండగా మీవాడు తలుపు తోసుకుని వచ్చాడు. గడ్డం నిండా మంచు, నోట మాట లేదు. ఆయన మాట్లాడకపోవడం మొదటిసారి చూశాను, ఏమీ అడక్కుండా కాఫీ పోశాను. కాఫీ తాగాక చెప్పాడు.

వాళ్లు అన్ని రకాలుగా చూశారట. అరిచారు, తోశారు, తాడు వేసి లాగారు. మంద కదల్లేదు. ఆంతె కూర్చుండిపోయారట. అప్పుడు మీవాడు స్లెడ్జిలో కంబళ్ల అడుగునుంచి గొడుగు తీశాడు. ఆ రోజు అంత గొడవ జరిగాక కూడా దాన్ని పారేయలేదు, అమ్మ ఇచ్చిందని దాచుకు తిరుగుతున్నాడు. మందకి కొండవైపు వెళ్లి నిలబడి బొత్తాం నొక్కాడు. లేవలేవనుకున్నవి లేచాయి వదినా. మిగతా రెండూ స్లెడ్జిలోనే ఉంటే ఆంతె ఒకటి తెరిచారు, బిరెత్ ఒకటి. మీ గొడుగులు మూడూ తరుముతుంటే మంద ఆ వాలంతా దిగి చెట్లలోకి వెళ్లిపోయింది. అక్కడ మంచు దూదిలా ఉంది. తలలు దింపి తినడం మొదలుపెట్టాయట.

అన్నీ లేవలేదు. లేచినవి చాలు. పెళ్లి ఈస్టరుకే. మీరు చెప్పమన్న మాట బిరెత్‌కి చెప్పాను. ఆవిడ తల కొలత ఎంతో అడుగు, టోపీ కుట్టాలి అంది.

మీ పేరున చెవి కోత ఒకటి ఖాయం చేశాం. కుడి చెవి కొనకి ఒక గాటు, ఎడమ చెవి జోలికి వెళ్లలేదు. ఒక ఆడజింకకి అది పెట్టాం. దాని కడుపులో పిల్ల ఉంది. ఇకనుంచి మీరు కూడా మందగల మనిషి.

మీ
ఎల్లె

తా.క.: ఆంతె నల్ల పక్షి అనడం మానేశారు. గొడుగుని తుపాకీ పక్కన తగిలించారు.

*

బెర్గెన్,
మే

ఎల్లె వదినకి,

పెళ్లి నుంచి వచ్చి ఇన్ని రోజులైనా నా కోటుకి మీ ఇంటి పొగ వాసన పోలేదు. ఉతకడానికి మనసు రావడం లేదు. నది దాటేటప్పుడు కళ్లు మూసుకున్నానని మీరందరూ అనుకున్నారు. ఒకటి తెరిచే ఉంచాను.

నా జింక ఈనిందని తోర్లేఫ్ రాశాడు. ఆ రోజంతా మెట్ల మీద ఎవరు కనబడినా చెప్పాను. రాగ్నా గారు తలుపు తీసి, "ఇంతకీ ఇప్పుడు నీకు మొత్తం ఎన్ని జింకలమ్మా?" అన్నారు. ఎంత మాట! నాకు చెవులు వేడెక్కాయి. ఎన్నో నాకు తెలుసు, మీకు తెలుసు. చెట్టుకు ఈ పక్కన ఉన్నాయి, ఆ పక్కన కూడా ఉన్నాయని చెప్పాను. ఏ చెట్టని అడిగారు. మీ బరువెంతని అడిగాను. అప్పటినుంచి మాటల్లేవు.

బిరెత్‌కి నా ముద్దులు. మా వాడి ఎడమ చెవి సంగతి ఇక మీ ఇష్టం.

మీ
బోర్గిల్డ్

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగా ఇక్కడ వాన వెలిసింది. మీ వైపు రాలేదు కదా?