బావ భుజాల మీద నీ శాలువా

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. గౌలిపురలో నీ కథల పుస్తకం ఆవిష్కరించారు. నీకు కప్పాల్సిన శాలువా బావకు కప్పారు. ఆయన మైకు పట్టుకుని, "నేను రాసుకోనిచ్చిన, గందుకే ఆమెకు గింత పేరొచ్చింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంట్లో పెన్ను పడితే ఆయన లొల్లి చేస్తాడనే కదా, నువ్వు లోకల్ రైల్లో కూర్చుని రాసుకున్నావు! ఆ మాటే చెబుదామని లేచి, "అక్క ఇంట్లో రాయలేదు" అని మొదలుపెట్టాను. సభ పెట్టిన పెద్దాయన నా చేతిలో పూలగుత్తి పెట్టి, "ఇంటి ముచ్చట గిక్కడెందుకమ్మా? జర మీ బావకు ఇది ఇయ్యి" అన్నాడు.

ఇచ్చాను. ఇంకేం చెయ్యను? ఎవరికి చెప్పుకోను?

ఇదీ రైల్లోనే రాస్తున్నాను. ఫలక్‌నుమా వస్తోంది. స్టేషన్లో మా ఆయన ఉంటాడు, పెన్ను దాచుకోవాలి.