ఇరవై మూడో నంబరు కింద ఎవరున్నారు

డండాక్, ఐర్లండ్,
18 ఫిబ్రవరి 2021

డబ్లిన్‌లో భారతీయుల అంత్యక్రియల అనుమతులు చూసే అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: డండాక్ శివార్లలోని పాత పోలీసు శ్మశానంలో 23వ స్థలమందు కీ.శే. యుగంధర్ గారి ఖననం సోమవారం జరగకుండా ఆపించుట గురించి.

నేను ఇక్కడి కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. తమరు తెలుగువారని తెలిసి తెలుగులోనే విన్నవించుకుంటున్నాను.

1. సదరు శ్మశానంలో ఉన్నవారు, తర్వాత ఉత్తర ఐర్లండ్ సరిహద్దుగా మారిన రోడ్ల మీద బ్రిటిష్ ప్రభుత్వం తరఫున కాపలా కాసి చనిపోయిన పాతకాలపు పోలీసులు. ఆ దళం రద్దయి వందేళ్లు కావస్తోంది. గడ్డి కోయడం, రాళ్లు కడగడం స్థానిక కమిటీ చూస్తోంది. లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్లు దాటకూడదన్నారు. ఇది ఆ లోపలే ఉంది గనుక నేనూ కమిటీలో చేరాను. సమాధుల జాబితా రాసే పని నాకిచ్చారు.

2. పాత నక్షాలో నలభై ఒక్క గడులున్నాయి. ముప్పై చోట్ల రాళ్లున్నాయి, పేర్లు రాసుకున్నాను. మిగిలిన పదకొండు చోట్ల ఒట్టి గడ్డి. ఎవరైనా ఉన్నారో లేదో తెలియక, తర్వాత కనుక్కుందామని పేరు గడిలో అడ్డగీత పెట్టాను. ‘నిర్ధారణ కాలేదు’ అని రాయవలసింది. రాయలేదు. ఆ తప్పు పూర్తిగా నాది.

3. జనవరిలో మరణాలు పెరిగాక, నా గీతలు చూసి ఆ పదకొండు చోట్లా ఎవరూ లేరని కమిటీ తీర్మానించి కొత్త ఖననాలకు ఇచ్చింది. వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసిన యుగంధర్ గారు కోవిడ్‌తో ఈ నెల తొమ్మిదిన పోయారు. ఇండియాకు పంపడం కుదరలేదు. వారి ఇంట పూడ్చడమే ఆచారం. తమరిచ్చిన అనుమతి పత్రం మీద ఆయనకు 23 కేటాయించారు.

4. ఈ ఊళ్లోనే ఉండే మార్తా గారికి ఎనభై ఒక్క ఏళ్లు. వాళ్ల తాత ఆ పోలీసుల్లో ఒకరు. నా జాబితా చూపిస్తే ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ రోజుల్లో పోలీసు పేరుతో రాయి కనబడితే పగలగొట్టేవారట. అందుకని కొందరికి ఇంటివాళ్లు రాయే పెట్టలేదు. ఎవరెక్కడున్నారో తల్లి కూతురికి నోటితో నేర్పింది, గేటు నుంచి గోడ దాకా అడుగులు లెక్కపెట్టి. ఇప్పుడది తెలిసిన మనిషి మార్తా గారొక్కరే.

ఆవిడకీ కోవిడ్ వచ్చింది. నేను కిటికీ బయట నిలబడతాను, ఆవిడ లోపల నుంచి చెబుతారు. “ఏడడుగులు, ఎడమ చేతి వైపు, కెర్రీ నుంచి వచ్చిన సార్జంటు...”

“మార్తా గారూ, ముందు ఇరవై మూడు చెప్పండి చాలు,” అన్నాను.

“మధ్యలోంచి రాదమ్మాయ్. గేటు దగ్గర్నుంచి నడిస్తేనే వస్తుంది.”

దగ్గు వస్తే వరస తెగిపోతుంది. మళ్లీ గేటు దగ్గర మొదలుపెడతారు. డాక్టర్ని పిలవనా అంటే, “గ్రాండ్, గ్రాండ్, బాగానే ఉన్నాను. నువ్వు రాసుకో,” అంటారు. నిన్నటికి పంతొమ్మిది దాకా వచ్చాం. అంతలోపు నేను గీత పెట్టినవి ఐదు. ఐదింట్లోనూ మనుషులున్నారు.

5. ఈ సంగతి కమిటీ కార్యదర్శికి ఫోన్లో చెప్పాను. “ముసలావిడ అడుగులు రికార్డు కాదమ్మా. నీ జాబితా రికార్డు,” అన్నారు.

6. యుగంధర్ గారి భార్య సూర్యప్రభ గారికి కూడా చెప్పక తప్పలేదు.

“ఇంకెన్నాళ్లు ఆ ఫ్రీజర్‌లో ఉంచుతారే ఆయన్ని? తొమ్మిది రోజులైంది ధరణీ.”

“అక్కా, కింద ఎవరైనా ఉంటే?”

“ఉంటే వద్దు. నా మనిషిని ఇంకొకరి మీద పడుకోబెట్టి నేను ఇంటికెళ్లి అన్నం తినలేను. కానీ ఉన్నారో లేరో నువ్వే తేల్చు. గీత పెట్టింది నువ్వే కదా,” అన్నారు.

కావున, మార్తా గారు గోడ దాకా చెప్పడం పూర్తయ్యేవరకు 23కి ఇచ్చిన అనుమతిని నిలిపివేయవలెననీ, ఈలోగా యుగంధర్ గారికి ఊరి పెద్ద శ్మశానంలో చోటు ఇప్పించవలెననీ ప్రార్థన. నా జాబితాను దయచేసి ఎవరూ నమ్మకుండా ఉత్తర్వు ఇప్పించగలరు. ఈ నాలుగు మాటలూ తమరు చిత్తగించి, ఆలస్యం చేయవద్దని వేడుకుంటూ,

తమ విధేయురాలు,
ధరణి

తా.క.: సార్, ఇది స్కాన్ చేస్తుండగా రెండు జరిగాయి. మార్తా గారిని అంబులెన్సులో తీసుకెళ్లారు. ఆక్సిజన్ పెట్టారట, మాట్లాడలేరట. ఇరవై దగ్గరికి మేం రానేలేదు. వారాంతంలో వానలని ఖననం రేపు ఉదయానికి జరిపారు. గొయ్యి ఇవాళే తవ్వుతారట, మిషను గేటు లోపలికి వెళ్లిందని సూర్యప్రభక్క మెసేజ్ పెట్టింది. తను కూడా బయల్దేరింది. నేను వెళ్లి ఆ గడ్డి మీద నిలబడతాను. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి ఎవరి తరఫున నిలబడ్డావని అడిగితే చెప్పడానికి నా దగ్గర పేరు లేదు. ఒక్క ఫోను చేయండి సార్. కాగితం తర్వాత చదవొచ్చు.