తొంభై ఒకటో పేజీ

జనవరి 11, ఆదివారం

ఇవాళ గ్రూపులో పుస్తకం చెప్పే వంతు నాది. ఒక నర్సు రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం గురించి చెప్పాను. పద్దెనిమిది థంబ్సప్‌లు వచ్చాయి. అందులో ఒక్కరైనా డౌన్‌లోడ్ చేసుకుంటారంటే నాకు నమ్మకం లేదు.

గ్రూపు పేరు ‘ఈ-చదువరులు, ఎన్‌సీఆర్’. ఫోన్లలో, ట్యాబుల్లో తెలుగు పుస్తకాలు చదివే ముప్ఫై నలుగురం ఉన్నాం. అడ్మిన్ వసంత్ కుంజ్ రామమోహనరావు గారు. రిటైరై ఆరేళ్లయినా ఆయన మెసేజ్‌లు సర్క్యులర్లలాగే ఉంటాయి. రూల్స్ మూడు. చివరి పేజీ దాకా చదివిన పుస్తకమే చెప్పాలి. మూడు వాక్యాల్లో చెప్పాలి. సొంత పుస్తకం, బంధువుల పుస్తకం చెప్పకూడదు.

ఆ మూడోది చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. డిసెంబరులో నేనూ ఒక ఈ-బుక్ పెట్టాను మరి. పేరు ‘హాఫ్ క్లచ్’. పదిహేనేళ్లుగా జనక్‌పురిలో ఆడవాళ్లకి కారు నేర్పిన కథంతా అందులో ఉంది. మా అమ్మ కాంతమ్మ పేరు పెట్టుకుని, జనక్‌పురిని నోయిడాగా మార్చి రాశాను. ఉమారాణి రాసిందని మా ఆయన విష్ణుకి తప్ప ఎవరికీ తెలియదు. విష్ణు మొదటి చాప్టర్ చదివాడు. రెండోదానికి గురక పెట్టాడు.

రాసినవాళ్లకి ఒక డాష్‌బోర్డ్ ఇస్తారు. ఏ రోజు ఎన్ని పేజీలు చదివారో అందులో కనిపిస్తుంది. ఎవరు చదివారో కనిపించదు. ఇవాళ సున్నా.

జనవరి 15

సున్నా.

జనవరి 19, సోమవారం

ఏడు!

సిస్టమ్ ఎర్రర్ అయ్యుంటుందన్నాడు విష్ణు. అతని కాఫీ ఇవాళ అరగంట లేటు.

జనవరి 28

ఏడు, ఏడు, ఆరు, ఎనిమిది, ఏడు. శని ఆదివారాలు సున్నా. ఇరవై ఆరు సెలవు, సున్నా. నిన్న, ఇవాళ మళ్లీ ఏడేసి. అంటే ఒక్కరే చదువుతున్నారు. ఆఫీసుకి వెళ్లే రోజుల్లోనే చదువుతున్నారు. మెట్రోలో అన్నమాట.

మధ్యాహ్నం క్లాసులు లేకపోతే నేనే వెళ్లి మెట్రో ఎక్కాను. నా పేజీలు లెక్కలో కలవకుండా ప్రింటు తీసుకుని మరీ వెళ్లాను. ఒక చేత్తో రాడ్ పట్టుకుని, తోపులాటలో చదువుకుంటూ పోతే జనక్‌పురి వెస్ట్‌ నుంచి హౌజ్ ఖాస్‌కి సరిగ్గా ఏడు పేజీలైంది. పక్కనున్న ఆంటీ నా కాగితాలు చూసి, కోర్టు కేసా బేటీ అని అడిగింది. దాదాపు అంతే అన్నాను.

ఫిబ్రవరి 5

మొత్తం తొంభై ఒక పేజీలయ్యాయి. ఇంకా నూట ఇరవై ఒకటి ఉన్నాయి.

ఈ మనిషి చివరిదాకా రావాలి. ఎందుకో ఇక్కడైనా రాసుకుంటాను. నా దగ్గరికొచ్చిన ప్రతి అమ్మాయికీ నేనొక అబద్ధం చెప్పాను. డ్రైవింగ్ టెస్ట్ మొదటిసారే పాసయ్యానని. వాళ్లకి ధైర్యంగా ఉంటుందని మొదలుపెట్టాను, అదే అలవాటైపోయింది. నిజానికి నాలుగుసార్లు ఫెయిలయ్యాను. నాలుగోసారి టెస్ట్ ట్రాక్ గేటు దగ్గర కూర్చుని చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అదంతా చివరి చాప్టర్‌లో ఉంది. అసలు పుస్తకం రాసిందే దానికోసం. ఒక్కరు చదివితే చాలు, నా గుండె తేలికపడుతుంది.

ఫిబ్రవరి 6

సున్నా. జ్వరమేమో పాపం.

ఫిబ్రవరి 8, ఆదివారం

గ్రూపులో ఎవరో ఏడు వందల పేజీల నవల చెప్పారు. రామమోహనరావు గారు ‘నోటెడ్’ అని పెట్టారు.

విష్ణు తను వేరే పేరుతో గ్రూపులో చేరి నా పుస్తకం చెప్తానన్నాడు. చివరి పేజీ దాకా చదివావా అని అడిగాను. టాపిక్ మార్చాడు.

ఫిబ్రవరి 10

మూడు వర్కింగ్ డేస్ నుంచి సున్నా. ఇంక ఆగలేక తొంభై ఒకటో పేజీ తెరిచి చూశాను. అంత ఘోరంగా ఏం రాశానా అని.

చాప్టర్ చివరి లైన్ ఇది: ‘అమ్మాయీ, చదివితే వచ్చే విద్య కాదిది. ఈ పుస్తకం మూసేసి వెళ్లి స్టీరింగు పట్టుకో.’

పాఠకురాలిని చేయి పట్టుకుని బయటికి పంపించేశాను. ప్రపంచంలో ఏ రచయితైనా చేస్తాడా ఈ పని? విష్ణుకి చూపిస్తే సోఫాలో పడి నవ్వాడు. కాసేపటికి నాకూ నవ్వాగలేదు. ఇద్దరం ఇంతలా నవ్వుకుని ఎన్నాళ్లయిందో.

ఫిబ్రవరి 11, ఉదయం 8:30

కొత్త స్టూడెంట్ వచ్చింది. పేరు ప్రవల్లిక. కరీంనగర్ అమ్మాయి. ఆఫీసు గుర్గావ్‌లో. భర్త చైతు పుణెకి ట్రాన్స్‌ఫరై వెళ్లాడట, కారు ఇంటికింద కవరు కప్పుకుని పడుందట. లెర్నర్స్ లైసెన్స్ డిసెంబరులోనే తీసుకుంది. ధైర్యం మాత్రం ఇప్పుడు తెచ్చుకుంది.

సీట్లో కూర్చోగానే, మస్త్ భయమైతాంది మేడమ్ అంది. అందరికీ చెప్పేదే చెప్పాను. కుడికాలికి తొందర, ఎడమకాలికి ఓపిక, రెండిటికీ కాపురం కుదర్చాలి అని. ఆ అమ్మాయి గిరుక్కున తిరిగి నన్ను చూసింది. నేను రోడ్డు చూడమన్నాను.

ఫిబ్రవరి 13

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ప్రవల్లిక నాకో పుస్తకం రికమెండ్ చేసింది.

‘హాఫ్ క్లచ్’.

కాంతమ్మ అని ఒకామె రాసిందట. అచ్చం మీ లెక్కనే మాట్లాడ్తది మేడమ్, మీరు తప్పక చదవాలె అంది. నా కాలు నా వైపు బ్రేకు మీద పడింది. బండి ఆగే ఉంది కాబట్టి సరిపోయింది.

ఎంత దాకా చదివావని అడిగాను, గొంతు మామూలుగా పెట్టుకుని. సగంలో ఆపిందట. పుస్తకం మూసేయమని ఆమెనే చెప్పింది కదా మేడమ్ అంది. ఇప్పుడు మెట్రోలో కళ్లు మూసుకుని కాళ్లతో గేర్లు ప్రాక్టీస్ చేస్తోందట. నిన్న ఎదురుగా ఉన్న భయ్యా లేచి సీటిచ్చాడట, ఒంట్లో బాగాలేదనుకుని.

ఇలాంటి పుస్తకాలు చెప్పుకునే గ్రూపొకటి ఉంది, చేర్పిస్తానన్నాను. కాకపోతే మొత్తం చదివాకే చెప్పాలని రూలు ఉందన్నాను. ఇందులో నేను తప్పిన నియమం ఏదీ లేదు. ఇండికేటర్ వేశాను, అంతే.

ఫిబ్రవరి 24

బాగా నేర్చుకుంటోంది. రోజూ సున్నా.

ఇదేం చిక్కు? ఈ అమ్మాయికి కారొస్తే ఇక మెట్రో ఎక్కదు. మెట్రో ఎక్కకపోతే నా పుస్తకం చదవదు. ఇవాళ రివర్స్ అంత చక్కగా చేసింది, నాకు ఒక కన్ను మురిసిపోయింది, ఇంకో కన్ను దిగులుపడింది. చిన్నబుద్ధి, తెలుసు.

మార్చి 6, శుక్రవారం

టెస్ట్‌లో ఫెయిలైంది. ఎత్తు మీద ఆపి, హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి, మళ్లీ కదిలించాలి. బండి రెండడుగులు వెనక్కి జారింది.

బయటికొచ్చి ఏడ్చింది. అదే గేటు. మీరైతే మొదటిసారే పాసయిండ్రు, మీకేం తెలుస్తది మేడమ్ అంది. నోటి దాకా వచ్చింది నిజం. అక్కడే ఆగిపోయింది. పదిహేనేళ్ల అబద్ధం కదా, గేరు పడలేదు. నాతోని కాదు, మెట్రోనే మంచిదని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

అన్నం తినబుద్ధి కాలేదు.

మార్చి 9, సోమవారం

పద్నాలుగు.

చూడగానే ఎగిరి గంతేశాను. తర్వాత కుర్చీలో కూలబడ్డాను. నా స్టూడెంట్ ఓడిపోతే నా రీడర్ తిరిగొచ్చింది. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే రెండుసార్లు రిఫ్రెష్ చేశాను.

మార్చి 10

ఇరవై ఒకటి. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ చదువుతోంది.

మార్చి 11

పంతొమ్మిది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మార్చి 12

ఇరవై నాలుగు. ఇంక నలభై మూడు మిగిలాయి.

మార్చి 13, శుక్రవారం, సాయంత్రం 7:10

నలభై మూడు.

నలభై మూడు! చివరి పేజీ! వంకాయలు తరుగుతూ ఒక చేత్తో ఫోన్ చూసి, కత్తి అక్కడే పడేసి, విష్ణుని కావలించుకున్నాను. ఏమైందంటాడు, నలభై మూడంటాను. జ్వరం ఉందేమోనని నుదురు పట్టుకుని చూశాడు.

7:45

ప్రవల్లిక ఫోన్ చేసింది. హలో లేదు, ఏం లేదు. మేడమ్, మీరు ఎన్నిసార్లు ఫెయిలైండ్రు అని అడిగింది.

నాలుగు అన్నాను.

అవతల ఎక్కిళ్లలాంటి చప్పుడు. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. పుస్తకంల ఉన్నట్టే కాపురం కుదర్చాలె అన్న నాడే నాకు డౌటొచ్చింది మేడమ్ అంది. మళ్లీ టెస్ట్‌కి స్లాట్ బుక్ చేయమంది. కళ్లు తుడుచుకుని చేశాను.

మార్చి 18, బుధవారం

పాస్! ఎత్తు మీద వెంట్రుకంత కూడా జారలేదు. గేటు దగ్గర ఇద్దరం ఐస్‌క్రీం తిన్నాం. అక్కడ ఆరోజు ఏడ్చినదాన్ని, ఇవాళ ఐస్‌క్రీం కారిపోతుంటే నాక్కుంటూ నవ్వాను. ఇకనుంచి స్టూడెంట్లందరికీ మొదటి రోజే నాలుగు అని చెప్పేస్తాను. ఒట్టు.

మార్చి 22, ఆదివారం

గ్రూపులో కొత్త మెంబర్ ప్రవల్లిక మొదటి రికమెండేషన్. ఇక్కడ కాపీ చేసుకుంటున్నాను. ‘హాఫ్ క్లచ్ అనే ఈ పుస్తకాన్ని మెట్రోలో రోజుకి ఏడు పేజీల చొప్పున చదివాను. తొంభై ఒకటో పేజీలో మూసేయమంటుంది, మూసేయండి, కానీ మళ్లీ తెరవండి. రచయిత్రి టెస్ట్ నాలుగుసార్లు ఫెయిలైంది, నేను ఒక్కసారే, కాబట్టి ఆమెకన్నా నేనే మంచి డ్రైవర్‌ని.’

రామమోహనరావు గారు వాక్యాలు లెక్కపెట్టుకున్నట్టున్నారు. రచయిత్రి మీకు బంధువా అని అడిగారు. కాదు సర్ అని పెట్టింది ప్రవల్లిక. వెంటనే నాకు విడిగా ఒక కారు బొమ్మ పంపింది.

ఇరవై ఆరు థంబ్సప్‌లు. అందులో ఒకటి నాది.

మార్చి 23, సోమవారం

ఏడు పేజీలు.

ప్రవల్లిక కాదు. ప్రవల్లిక కారులో వెళ్లింది.