ఇంకా మిగిలిన కొస

మంగళవారం, రాత్రి

పాపకు మూడో నెల. రేణిగుంట పెద్దమ్మ చూడ్డానికి వచ్చి, "పెళ్లికి ముందు మాదిరి సన్నబడినావే. ఆ ఉపాయమేందో మా కోడలికీ చెప్పు" అంది. నవ్వాను. ముద్ద దిగడం లేదని, పాపను ఎత్తుకున్నా మనసులో ఏమీ కదలడం లేదని ఎలా చెప్పను?

ఆమె వెళ్ళాక, బాలింత పొట్ట తగ్గాలని రోజూ కట్టే పాత చీర గుడ్డను అమ్మ నా నడుముకు చుట్టింది. ఎంత చుట్టినా ఇంకా కొస మిగిలింది. అమ్మ చెయ్యి ఆగింది.

"పొట్ట కాదు, నువ్వే తగ్గిపోతాండావు. ఏమైందో చెప్పు తల్లీ."

నేను పాప వైపు చూశాను. అమ్మ గుడ్డ విప్పేసింది. "రేపు డాక్టరమ్మ కాడికి పోదాం. నేనుండాను గదా" అంది.

పాప ఇప్పుడు నిద్రలో నవ్వుతోంది. దాన్ని చూసి నాకూ నవ్వు రావాలి. ఒక్కసారైనా, దానంతటదే.